సారు మీటింగ్‌లో ఉన్నారు

"సారు మీటింగ్‌లో ఉన్నారండీ" అంది హమీదా.

"ఏం మీటింగమ్మా? పొద్దస్తమానం మీటింగేనా మీ సారుకి?" అవతల కిరణ్ కుమార్ గొంతు, ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నా గదంతా వినపడుతోంది. చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగు మిల్లుకి లెక్కలూ కంప్యూటర్లూ చూసేది అతనే. "ఇక్కడ బిల్లు ప్రింటు రావట్లా. నూలు లోడెక్కిన లారీ గేటు కాడ నిలబడిపోయింది. డ్రైవరు నన్ను తిడుతున్నాడు. నేనెవర్ని తిట్టాలి?"

నన్నే తిడుతున్నావుగా అనుకుంది హమీదా. పైకి మాత్రం, "ఇంకాసేపట్లో అయిపోద్దండీ, నేను చూస్తున్నాగా" అంది.

"నువ్వు చూడబట్టే ఇట్టా ఏడిసింది. నీ చేతిలో పడితే ఏ పనైనా మూలన పడ్డట్టే" అని ఫోన్ పెట్టేశాడు.

నిజానికి పని చాలా చిన్నది. మిల్లు వాళ్ళ బిల్లుల సర్వర్లో డిస్కు నిండిపోయింది, కాస్త పెంచాలి. ఆ సర్వరు చిలకలూరిపేటలోనూ లేదు, నరసరావుపేటలోనూ లేదు. ముంబైలో ఎక్కడో పెద్ద షెడ్డు నిండా కంప్యూటర్లుంటాయట, అందులో ఒకదాని మూల వీళ్ళకి అద్దెకిచ్చారు. ఇక్కడ కూర్చుని మీట నొక్కితే అక్కడ డిస్కు పెరుగుతుంది. క్లౌడ్ అంటే అంతకు మించి ఏమీ లేదని హమీదా తన అత్తగారికి ఎన్నోసార్లు చెప్పింది, ఆవిడ ఒక్కసారీ నమ్మలేదు. మిల్లులూ కాలేజీలూ ఆసుపత్రులూ ఇలా సర్వర్లు అద్దెకు తీసుకుంటే, వాటి బాగోగులు చూసిపెట్టే కంపెనీ ఒకటుంది. దానికి హెడ్డాఫీసు హైదరాబాదు. నరసరావుపేట బ్రాంచి కోర్టుకి దగ్గర్లో, ఎరువుల కొట్టు మీది అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన, తలుపు తీస్తే ఏసీ చల్లదనం.

డిస్కు పెరిగితే అద్దె పెరుగుతుంది. అందుకని పెంచాలన్నా, కొత్తది మొదలుపెట్టాలన్నా బ్రాంచి మేనేజరు అమరేశ్వరరావు తన కంప్యూటర్లో సరేనని నొక్కాలి. ఆయన ఏ మీటింగులోనూ లేడు. అద్దాల గదిలో పేపరు మడిచి పక్కన పెట్టి, క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే విప్పుకుంటున్నాడు. ఆయన తల వెనక గోడకి పంచాంగం క్యాలెండరు వేలాడుతోంది. బుధవారం. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. రాహుకాలంలో ఆయన కొత్త పని ఏదీ మొదలుపెట్టడు, ఇంకొకర్ని పెట్టనివ్వడు. ఉన్న డిస్కుని పెంచడం కొత్త పని ఎలా అవుతుందని హమీదా అడగలేదు. ఆయన లెక్కలో అది కొత్త పనే.

అది ఆయన ఇంటి పద్ధతి, ఆఫీసుకి తెచ్చుకున్నాడు. తేవడమే కాక, తెచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు. "రాహుకాలమని చెప్పమాకమ్మా. కంప్యూటర్ల ఆఫీసు పెట్టి ఇదేందని నవ్వుతారు. మీటింగని చెప్పు" అన్నాడు ఆమె చేరిన కొత్తలో. ఆమె చెబుతూనే ఉంది. కష్టమనిపించలేదు. రంజాన్ నెలలో అడగకుండానే సాయంత్రం పెందలాడే ఇంటికి పొమ్మనేవాడు ఆయన. ఆమె ఉపవాసముంటే తన క్యారేజీ కూడా ఆమె ఎదురుగా విప్పేవాడు కాదు. ఆయన పట్టింపు ఆయనది, నా పట్టింపు నాది, ఒకరిదొకరు కాచుకుంటే పోయేదేముంది అనుకుంది. పోయేదేమిటో గురువారంగానీ తెలిసి రాలేదు.

ఒకటిన్నర దాటగానే ఆయన చెయ్యి తుడుచుకుంటూ నొక్కాడు. హమీదా డిస్కు పెంచి, మిల్లు సర్వరు మళ్ళీ లేపి, కిరణ్ కుమార్‌కి ఫోన్ చేసింది. అతను థాంక్స్ చెప్పలేదు.

*

గురువారం పొద్దున్నే హెడ్డాఫీసు నుంచి రాజేశ్వరి మేడమ్ వీడియో కాల్ పెట్టింది. అన్ని బ్రాంచిలూ ఆవిడ కిందే. మాట నెమ్మది, కానీ ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోదు. అద్దాల గదిలో అమరేశ్వరరావు, ఆయన పక్కన హమీదా, చివర్లో ఉష కూర్చున్నారు. ఉషది గురజాల. ఇంజనీరింగ్ అయిపోయి ఈ మధ్యే చేరింది. చేతితో చేసే పనుల్ని కంప్యూటరే చేసుకునేట్టు స్క్రిప్టులు రాయడం ఆ పిల్ల పని.

"ఉన్నమాట చెప్తున్నా, ఏమనుకోకండి" అంది రాజేశ్వరి మేడమ్. "మన బ్రాంచిలన్నిటిలో నరసరావుపేటే వెనకబడి ఉంది. చిన్న చిన్న రిక్వెస్టులు పూటలకి పూటలు ఆగిపోతున్నాయి. అన్నీ హమీదా పేరు మీదే ఉన్నాయి. చిలకలూరిపేట మిల్లు నుంచి నాకే డైరెక్టుగా కంప్లయింట్ వచ్చింది."

రిక్వెస్టు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు ముగిసిందో, ఎవరి పేరు మీద ఉందో సిస్టానికి తెలుస్తుంది. ఈ మధ్యలో అది ఎవరి బల్ల మీద క్యారేజీ పక్కన కునుకు తీసిందో తెలియదు. హమీదా తల తిప్పి అమరేశ్వరరావు వైపు చూసింది.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. "ఆవిడ బాగానే చేస్తదండీ" అన్నాడు.

"మరి ఎందుకు లేటవుతోంది?"

అద్దాలు శుభ్రంగానే ఉన్నా ఇంకాసేపు తుడిచాడు. "నేను చూస్తానండీ" అన్నాడు.

"ఇక చూడక్కర్లేదు. ఉష స్క్రిప్టులు పూర్తయ్యాయిగా. కొత్త సర్వరు, డిస్కు పెంచడం, అకౌంట్లు తెరవడం, తీసెయ్యడం, బ్యాకప్పులు, అన్నీ అవే చేసుకుంటాయి. రేపు పదకొండింటికి నాకు డెమో చూపించండి. హమీదా కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతోంది కదా, ఇక రెన్యూ చెయ్యక్కర్లేదు." తర్వాత కొంచెం మెత్తబడి, "హమీదా, పర్సనల్‌గా తీసుకోకు" అంది.

ఉద్యోగం పర్సనల్ కాకపోతే ఇంకేమిటి? హమీదా "సరే మేడమ్" అంది.

అమరేశ్వరరావు క్యాలెండరు వైపు ఒకసారి చూసి, "డెమో పన్నెండు దాటాక పెట్టుకుందామండీ" అన్నాడు. పన్నెండు తర్వాత తనకి వేరే పనులున్నాయంది మేడమ్. పదకొండే ఖాయమైంది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఏముంటుందో హమీదాకి క్యాలెండరు చూడకుండానే తెలుసు. నిజానికి ఆ వేళలు మొత్తం వారానికి ఆమెకి నోటికొచ్చు. తను నమాజు చదివే వేళలు ఎంత బాగా తెలుసో ఇవీ అంతే.

ఆ పగలంతా ఉష ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. హమీదా ఏ పని ఎలా చేస్తుందో చూసి, స్క్రిప్టులో ఏమైనా తప్పిపోయిందేమో సరిచూసుకోవాలి. హమీదా చూపించింది. పొద్దున్నే కాలేజీల సర్వర్లు లేపడం, రాత్రి బ్యాకప్పులన్నీ పడ్డాయో లేదో ఒక్కొక్కటే తెరిచి చూడటం, ఆసుపత్రిలో ఉద్యోగం మానేసిన నర్సు అకౌంటు మూసెయ్యడం, పేరుకుపోయిన పాత లాగ్ ఫైళ్ళు, అంటే సర్వర్లు రాసుకునే రోజువారీ చిట్టాలు, ఊడ్చెయ్యడం. చూపిస్తూ మధ్యలో ఆగింది.

"ఈ ఊడ్చే పని రోజూ ఇల్లు ఊడ్చినట్టేనే ఉషా. సాయంత్రానికి మళ్ళీ అంతే చెత్త."

"నాకు నీ ఉద్యోగం సంగతి తెలీదక్కా" అంది ఉష. కళ్ళు తెర మీదే ఉన్నాయి. "రాసేటప్పుడు నాకెవ్వరూ చెప్పలా. తెలిస్తే..."

"తెలిస్తే ఏం చేసేదానివి? నువ్వు రాయకపోతే ఇంకోళ్ళు రాస్తారు. నడిపించు, చూద్దాం."

ఉష నడిపించింది. హమీదా పొద్దున ఒక గంటసేపు నొక్కే మీటలన్నీ, ఎవరూ ముట్టుకోకుండానే, వరసలు వరసలుగా తెర మీద నుంచి దిగిపోయాయి. చివర ఒక పచ్చ గుర్తు. దాచుకునేదేముంది, ముచ్చటగానే ఉంది. ఇన్నాళ్ళూ తన వేళ్ళు చేసింది ఇదేనా అనిపించింది. ఇదే అయితే చేతులకి విశ్రాంతి దొరికినందుకు సంతోషించాలి. ఆ సంతోషానికి జీతం కూడా ఉంటే బాగుండేది.

"ఇక్కడ ఆగిందేందే?" అంది తెర చూపిస్తూ. కొత్త సర్వరు తయారయ్యే వరసలో సగం దాకా వచ్చి, 'ఆగి ఉంది' అని ఒక పసుప్పచ్చ చక్రం తిరుగుతోంది.

"అది సారు అనుమతక్కా, ఆయన నొక్కాలి. డెమోకి తీసెయ్యనా సార్ అని అడిగా. 'తియ్యమాక, బ్రాంచి మేనేజరుండేది దానికేగా' అన్నారు."

హమీదా ఆ చక్రాన్ని చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో ఆ ఆగడం ఎవరికైనా కనపడటం ఇదే మొదలు.

సాయంత్రం ఇంట్లో చెప్పింది. అత్తగారు అమీనా బీ చేటలో బియ్యం ఏరుతోంది. మొగుడి ఆటో ఒకరోజు రోడ్డు మీద ఉంటే రెండ్రోజులు షెడ్డులో ఉంటుంది. కూతురు ముస్కాన్ ఈ ఏడు ఇంటర్లో చేరాలి. ఇంట్లో నికరంగా వచ్చేది హమీదా జీతమొక్కటే. అమీనా బీ చెయ్యి బియ్యంలో ఆగిపోయింది.

"నీ తప్పు కాదని చెప్పలేదా?"

"సారు చెప్పాలి."

"చెప్పాడా?"

"కళ్ళజోడు తుడుచుకున్నాడు."

అమీనా బీ ఒక మట్టిగడ్డ ఏరి బయటికి విసిరింది. "మంచోడని ఒకడి కోసం అబద్ధమాడతాం. అది తప్పు కాదు. ఆడించుకున్నోడు మనం మునుగుతుంటే గట్టు మీద నిలబడితే, ఇంకా ఆడతా కూర్చోడం మన బుద్ధి తక్కువ" అంది. మళ్ళీ బియ్యం ఏరుకోసాగింది.

*

శుక్రవారం పదకొండుకి గోడకున్న పెద్ద తెర మీద రాజేశ్వరి మేడమ్ కనపడింది. ఆవిడతో పాటు హెడ్డాఫీసు వాళ్ళు ఇంకో ఇద్దరు చూస్తున్నారు. అమరేశ్వరరావు తెల్లచొక్కా వేసుకొచ్చాడు. ఆయన ముందు ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. మౌసు మాత్రం కొంచెం దూరంగా జరిపి పెట్టుకున్నాడు, సిగరెట్టు మానేసినవాడు పెట్టెని జరిపి పెట్టుకున్నట్టు.

ఉష ఒక కాలేజీ పేరు మీద కొత్త సర్వరు కావాలని ఫారం నింపి పంపింది. వరసలు దిగాయి. పేరు పెట్టుకుంది, పరిమాణం చూసుకుంది, అద్దె ఎంతవుతుందో లెక్క చూపించింది. హెడ్డాఫీసులో ఒకాయన "బాగుంది" అన్నాడు. అప్పుడు పసుప్పచ్చ చక్రం వచ్చింది.

తిరుగుతోంది. ఏసీ శబ్దం పెద్దదైనట్టుంది. కింద ఎరువుల కొట్లో మూటలు దించుతున్న చప్పుడు, ఎవరో హమాలీ ఇంకొకణ్ణి కేకేయడం కూడా పైకి వినపడుతున్నాయి.

"ఆగిందేంటి?" అంది రాజేశ్వరి మేడమ్. "హమీదా, అక్కడ నువ్వేమన్నా చేయాలా?"

చూశావా, చక్రం ఆగినా నా పేరే అనుకుంది హమీదా.

అమరేశ్వరరావు చెయ్యి మౌసు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. నొక్కితే అయిపోతుంది. ఆయనకీ తెలుసు. పొద్దున స్నానం చేసి, విభూతి పెట్టుకుని, మనవరాలికి కొత్త పలక కూడా ఈ వేళలో చేతికివ్వని మనిషి. చెయ్యి వెనక్కొచ్చేసింది. హమీదా వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి బాగా అలవాటు. ఫోన్ మోగినప్పుడల్లా అద్దంలోంచి అలాగే చూసేవాడు.

"నెట్టు కొంచెం స్లోగా ఉన్నట్టుంది. కదమ్మా హమీదా?" అన్నాడు.

అవునండీ అనడం ఎంతసేపు? నాలుక చివరే ఉంది ఆ మాట, అరిగిపోయిన చెప్పులాగా కాలికి దానంతటదే వచ్చేస్తుంది. ఆయన మీద జాలి కూడా వేసింది. కానీ నిన్న ఆ కళ్ళజోడు తుడుచుకోవడం కళ్ళ ముందు నుంచి పోలేదు.

"నెట్టు బాగానే ఉంది మేడమ్" అంది హమీదా. "ఇప్పుడు రాహుకాలం. పన్నెండు దాటాక సారు నొక్కుతారు."

తెర మీద ఒకాయన నవ్వబోయి, పక్కనున్న మేడమ్ మొహం చూసి ఆపుకున్నాడు.

"ఇవాళ ఒక్కరోజేనా, ఎప్పుడూనా?" అంది మేడమ్.

"రోజూ ఒకసారి వస్తుంది కదండీ."

రాజేశ్వరి మేడమ్ అమరేశ్వరరావు పేరు పెట్టి ఏమీ అడగలేదు. అంతకంటే అడిగినా బాగుండేదేమో ఆయనకి. రిక్వెస్టులు ఆగిన వేళలు తన కంప్యూటర్లో ఒక్కొక్కటే చూసుకుంది. "ఉషా, చిన్నవాటికి ఆ అనుమతి తీసెయ్యి. దానంతటదే అయిపోవాలి. ఎక్కువ ఖర్చయ్యేవీ, తేడాగా కనపడేవీ మాత్రం ఎవరో ఒకరు చూసి నొక్కాలి" అంది. కొంచెం ఆగి, "అవి హమీదా నొక్కుతుంది. రెన్యూవల్ మెయిల్ పెడతా, చూసుకో హమీదా" అంది. తెర నల్లబడింది.

ఉష తన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెల్లగా జారుకుంది. అమరేశ్వరరావు లేవలేదు.

"నలుగుర్లో నా పరువు తీశావు" అన్నాడు.

"మీ పరువు ఇన్నాళ్ళూ నా దగ్గరే దాచా సార్. మిల్లోళ్ళు తిట్టినా, కాలేజీ వాళ్ళు తిట్టినా బయటపెట్టలా" అంది హమీదా. "నిన్న నా ఉజ్జోగం తీసేస్తుంటే మీ నోటెంట ఒక్క మాట రాలా. రాహుకాలమని అనొద్దులే. లేటు ఆవిడది కాదు, నాది అనొచ్చుగా. ఆ మాత్రం చాలుగా."

ఆయన కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడవలేదు, బల్ల మీద పెట్టాడు. పన్నెండు దాటాక, ఎవరూ అడక్కపోయినా, ఆ కాలేజీ సర్వరుకి సరేనని నొక్కాడు. చక్రం పోయి పచ్చ గుర్తు వచ్చింది. ఆ మీట ఆయన నొక్కడం అదే ఆఖరు.

*

సోమవారం ఆఫీసులో మాటలు తగ్గిపోయాయి. పనులు మాత్రం వాటంతటవే జరిగిపోతున్నాయి. హమీదా వచ్చేసరికే కాలేజీల సర్వర్లు లేచి ఉన్నాయి, బ్యాకప్పులన్నీ పడ్డట్టు ఒక్క మెయిలు వచ్చి ఉంది. స్క్రిప్టులో చిన్న చిన్న మార్పులు ఎలా చెయ్యాలో ఉష ఆమెకి నేర్పుతోంది. రెన్యూవల్ మెయిల్ వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది. అద్దాల గదిలో అమరేశ్వరరావు పేపరు చదివి, మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. సరేనని నొక్కటానికి ఏమీ రాలేదు. మధ్యలో ఒకసారి బయటికొచ్చి, ఊరికే నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. హమీదాకి గెలిచినట్టేమీ అనిపించలేదు. కోపం పోలేదు, అలాగని ఆయన్ని అలా చూడటం బాగానూ లేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడు దాటాక హమీదా తెర మీద పసుప్పచ్చ చక్రం వచ్చింది. చిలకలూరిపేట మిల్లు వాళ్ళు కొత్త యూనిట్ తెరుస్తున్నారు. దాని కాటాకీ బిల్లులకీ పెద్ద సర్వరు ఒకటి కావాలి. అద్దె ఎక్కువ కాబట్టి స్క్రిప్టు ఆగి, ఆమె అనుమతి అడుగుతోంది. అన్నీ సరిచూసింది. పేరు సరిగ్గా ఉంది, పరిమాణం సరిపోతుంది, బ్యాకప్పు పెట్టి ఉంది. ఇక నొక్కడమే.

అద్దం అవతల అమరేశ్వరరావు ఆమె వైపు చూడటం లేదు. గోడ మీద క్యాలెండరు వైపూ చూడటం లేదు. అంత శ్రద్ధగా దేన్నీ చూడకుండా కూర్చున్నాడంటే ఏమిటో ఆమెకి తెలుసు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర.

ఆమె వేలు మీట మీద ఉంది. నొక్కవచ్చు. ఇది ఆమె మీట, ఆమెకి రాహుకాలంతో పనిలేదు. ఆయన లెక్కలో ఆమె నొక్కినా తప్పు తప్పే, ఆ ఆఫీసులో మొదలైన పని కాబట్టి. శుక్రవారం మాటలు గుర్తొచ్చాయి, రంజాన్ సాయంత్రాలూ గుర్తొచ్చాయి. ఏది ముందు, ఏది వెనక అని తూచలేకపోయింది. "టీ తెచ్చుకుంటానే ఉషా" అని లేచి కిందికి వెళ్ళింది.

ఎరువుల కొట్టు పక్కన టీ బంకు దగ్గర మూడు కప్పులు చెప్పింది. ఎందుకు మూడు చెప్పిందో చెప్పాకగానీ ఆమెకే తెలియలేదు. కప్పులు పట్టుకుని మెట్లెక్కుతుంటే పైన ఫోన్ మోగుతోంది. తన బల్ల మీది ఫోనే. ఉష తియ్యబోయినట్టుంది, ఈలోపు అద్దాల గది తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

హమీదా గుమ్మం దగ్గరే ఆగింది. అమరేశ్వరరావు ఆమె కుర్చీ పక్కన నిలబడి ఫోన్ తీశాడు. ఫోన్లో కిరణ్ కుమార్ గొంతు గుమ్మం దాకా వినపడుతోంది.

"ఏందమ్మా ఇంకా కాలా? నీ చేతిలో పడ్డాక ఇంతేనా ఇక?"

"హమీదా గారు మీటింగ్‌లో..." అన్నాడు అమరేశ్వరరావు. ఆగాడు. రెండో చేత్తో కుర్చీ వీపు పట్టుకున్నాడు. "మీటింగ్ లేదు ఏం లేదు కిరణూ. నేను అమరేశ్వరరావుని. ఇప్పుడు రాహుకాలం నడుస్తోంది. ఆవిడకి ఆ పట్టింపు లేదు, నాకుంది. నాకోసం ఆగింది. ఇయ్యాలే కాదు, ఎప్పుడూ అంతే. ఆ లేట్లన్నీ నావి. ఇన్నేళ్ళూ నువ్వు తిట్టాల్సింది నన్ను."

"రాహుకాలమా!" అన్నాడు కిరణ్ కుమార్. గొంతులో కోపం పోయింది, జోరు తగ్గలేదు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా సార్! మా ఓనరు రాహుకాలంలో కొత్త పత్తి బేలు కట్టు కూడా కొయ్యనివ్వడు. ఇయ్యాల కొత్త యూనిట్ పూజ నాలుగున్నర దాటాకే పెట్టాం. సర్వరు అప్పటికుంటే చాలు. మీరెట్టాగూ లేటు చేస్తారుగా అని ముందునించే తరుముతున్నా. చెబితే ఆ యేళలు తప్పించి పొద్దున్నే పంపేవాణ్ణిగా అన్నీ."

అమరేశ్వరరావు చెయ్యి కుర్చీ వీపు వదిలేసింది. హైదరాబాదు వాళ్ళు నవ్వుతారని దాచిన మాట. నవ్వేవాళ్ళు హైదరాబాదులో ఉంటే ఉండొచ్చు. చిలకలూరిపేటలో మాత్రం ఆ మాటే చాలేది.

"ఊరికే ఆమెని నోటికొచ్చినట్టు తిట్టా సార్" అంటున్నాడు కిరణ్ కుమార్. "ఉందా? ఒకసారి ఇయ్యండి."

అమరేశ్వరరావు తల తిప్పి గుమ్మంలో హమీదాని చూశాడు. ఫోన్ చాచాడు. ఆమె కప్పులు బల్ల మీద పెట్టి, అందుకుని చెవికి ఆనించుకుంది. ఈసారి దూరంగా పట్టుకోలేదు.

"అమ్మా..." అన్నాడు అతను. తర్వాత మాట దొరకలేదు.

దొరికేదాకా ఆగింది హమీదా. తొందరపెట్టలేదు, పర్లేదండీ అని సర్దిచెప్పనూ లేదు. నిజంగా కోపమొచ్చింది ఆమెకి. ఒక్క మాటతో పోయే తిట్లు, ఇన్నేళ్ళు ఒక్క చెవితో మోసింది.

"తప్పయిందమ్మా" అన్నాడు చివరికి.

"నాలుగున్నర దాటాక అయిపోద్దండీ" అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

అమరేశ్వరరావు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె ఒక కప్పు ఆయన వైపు జరిపింది. ఆయన తీసుకోలేదు. తెర మీద తిరుగుతున్న చక్రాన్ని చూసి, "నొక్కెయ్యమ్మా" అన్నాడు. "నాకోసం ఆగమాక."

హమీదా కూర్చుంది. గోడ గడియారం చూసింది, ఇంకా కొంచెం టైముంది.

"మీకోసం కాదు సార్, మిల్లోళ్ళ కోసం" అంది. "మీరు టీ తాగండి, చల్లారిపోద్ది."

ఆయన ఇంకో కుర్చీ లాక్కుని, అద్దాల గదిలో కాకుండా ఆమె బల్ల పక్కనే కూర్చుని టీ తాగాడు.